ఊరి కట్టు, పౌర హక్కు: కోరుట్ల ప్రాంతంలో సాంఘిక బహిష్కరణపై ఒక పరిశీలన

ప్రతి నెలా 30వ తేదీన తెలంగాణ పల్లెల్లో ఒక ప్రభుత్వ కార్యక్రమం జరగాలి. దాని పేరు పౌర హక్కుల దినం. మండల అధికారులు, ఠాణా నుంచి ఎస్సై దళిత వాడకు వచ్చి కూర్చోవాలి. హోటల్లో గ్లాసు వేరే పెడుతున్నారా, గుడి మెట్లెక్కనిస్తున్నారా, మంగలి క్షవరం చేస్తున్నాడా, బోరింగు కాడ ఎవరైనా అడ్డుపడుతున్నారా అని అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనంపై విచారణ జరిపిన జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక ఇలాంటి ఏర్పాట్లకు బలమిచ్చింది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల్లో ఆ రోజు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. మీ ఊళ్ళో ఎవరినైనా వెలివేశారా? వాళ్ళతో మాట్లాడితే జుర్మానా అని చాటింపు వేశారా?

ఈ ప్రశ్న చుట్టూనే ఈ వ్యాసం నడుస్తుంది. సాంఘిక బహిష్కరణకు ఈ నేల మీద రెండు చరిత్రలున్నాయి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల పేదలు దొరల మీద ఎత్తిన ఆయుధం అదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉత్తర తెలంగాణ ఊరి కమిటీలు కొన్ని కులాల మీద, కుటుంబాల మీద ఎత్తుతున్న ఆయుధమూ అదే. పేరు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటేనా? కాకపోతే తేడా ఎక్కడుంది? చట్టం ఆ తేడాను పట్టుకోగలిగిందా? ఆధారాలు ఎంతవరకు నడిపిస్తాయో అంతవరకే వెళ్ళి సమాధానం వెతుకుదాం.

దండుగలు తిరిగి అడిగిన ఏడాది

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన రైతు కూలీల బహిరంగ సభను జనం ‘జైత్రయాత్ర’గా గుర్తుపెట్టుకున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది మంది కాలినడకన తరలివచ్చారు. వెట్టి పోవాలి, కూలి పెరగాలి, పాలేర్ల జీతం పెరగాలి, దొరల చేతుల్లో ఉన్న బంజరు భూములు పేదలకు దక్కాలి అన్నవి వాళ్ళ డిమాండ్లు. వీటి పక్కనే, చరిత్ర రాసేవాళ్ళు తొందరలో దాటేసే డిమాండు ఇంకొకటి ఉంది. ఊరి పంచాయితీల పేరు మీద దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలని జనం అడిగారు.

దండుగ అంటే ఏమిటో ఆ తరం వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊళ్ళో తగాదా వస్తే తీర్పరి దొర. తప్పెవరిదో తేల్చేదీ ఆయనే, దండుగ ఎంతో చెప్పేదీ ఆయనే, ఆ పైకం చేరేదీ ఆయన నివాసమైన గడికే. ఠాణా, కోర్టు పట్నంలో ఉండేవి. పల్లెలో రాజ్యం గడిది. అందుకే దండుగ తిరిగి ఇవ్వమనడం పైసల కోసమే అడిగిన మాట కాదు. నాకు శిక్ష వేసే అధికారం నీకు ఎవరిచ్చారన్న నిలదీత అందులో ఉంది. నా దృష్టిలో ఆ నాటి ఉద్యమంలో పౌర హక్కుల భావన అన్నిటికన్నా స్పష్టంగా పలికింది ఇక్కడే.

ఇవ్వనన్న దొరల మీద రైతు కూలీ సంఘాలు బహిష్కరణ ప్రకటించాయి. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పశువులు కాయలేదు, కూలీలు నాట్లకు పోలేదు. అదే ఏడాది అక్టోబర్ 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగాయి, సభలూ సమావేశాలూ ఆగిపోయాయి. ఆ తర్వాత ఈ నేల మీద సాయుధ పోరాటం, దాని అణచివేత, రెండు వైపులా ప్రాణనష్టం నడిచిన సంగతి వేరే పెద్ద అధ్యాయం. హక్కుల కోసం బహిరంగంగా పనిచేసినవాళ్ళనూ అది వదల్లేదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పౌరహక్కుల సంఘం బాధ్యులు గోపి రాజన్న 1985లో, జాప లక్ష్మారెడ్డి 1986లో హత్యకు గురయ్యారు.

ఆయుధం ఒకటే, దెబ్బ వేరు

1978 బహిష్కరణలో పేదలు ఆపింది తమ దగ్గర ఉన్నదాన్నే. అది వాళ్ళ శ్రమ. అదీ ఇష్టపడి చేస్తున్న పని కాదు, తరాలుగా కూలి లేకుండా, ఉన్నా చారెడు గింజలకు చేస్తూ వచ్చిన వెట్టి. రాజ్యాంగంలోని 23వ అధికరణ 1950 నుంచే వెట్టిని నిషేధించింది. 1976లో కట్టుబానిస కార్మిక విధానాన్ని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టమూ చేసింది. కాబట్టి చాకలి బట్టలు ఉతకననడం దొర హక్కును కాదనడం అనిపించుకోదు. చట్టం ఎప్పుడో ఇచ్చిన హక్కును ఆ చాకలి మొదటిసారి వాడుకున్నాడు.

అమెరికా నల్లజాతి ప్రజల పోరాటంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబర్ నుంచి 381 రోజుల పాటు నల్లజాతి ప్రజలు సిటీ బస్సులెక్కలేదు. వాళ్ళు ఎవరినీ ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు, ఎవరి నీళ్ళూ ఆపలేదు. తమ టికెట్ డబ్బులు ఇవ్వడం మానేశారు, మైళ్ళకు మైళ్ళు నడిచారు.

అదే దేశంలో, అదే కాలంలో రెండో రకం బహిష్కరణా నడిచింది. బడుల్లో తెల్లపిల్లలు, నల్లపిల్లలు కలిసి చదవాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 1954లోనే మిసిసిపీ రాష్ట్రంలోని ఇండియనోలాలో తెల్లవాళ్ళు పౌర మండళ్ళ పేరుతో సంఘాలు కట్టుకున్నారు. పిల్లల్ని తెల్లవాళ్ళ బడిలో చేర్చమని అర్జీ పెట్టిన వాళ్ళకు ఉద్యోగం పోయేది, అప్పు పుట్టేది కాదు, దుకాణంలో సరుకు దొరికేది కాదు. 1960లో టెనెసీ రాష్ట్రంలోని ఫయెట్ కౌంటీలో ఓటు నమోదు చేయించుకున్న నల్లజాతి కౌలుదార్లను భూస్వాములు భూముల నుంచి తరిమేశారు, వ్యాపారులు వాళ్ళకు అమ్మకాలు ఆపేశారు. ఆ కుటుంబాలు చలికాలంలో గుడారాల్లో బతికాయి.

ఈ రెండిటినీ వేరుచేసి చూడడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఆపుతున్నది తన సొంత శ్రమా, తన డబ్బా, లేక ఎదుటివాడికి అందరితో సమానంగా అందాల్సిన నీళ్ళూ కిరాణమూ దారీనా? అందులో చేరనన్న మూడో మనిషికి శిక్ష ఉందా? దెబ్బ తగిలేది పెత్తనానికా, బతుకుకా?

న్యాయంగా ఉండాలంటే 1978 కూడా ఈ పరీక్షకు నిలబడాలి. చాకలి తనకు తానుగా ఉతకనన్న చోట అది నిలబడుతుంది. సంఘం చెప్పింది కాబట్టి భయపడి మానేసిన చోట, దొర ఇంటి పసిపిల్లకు పాలు ఆగిన చోట నిలబడదు. 1966లో మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్‌లో నల్లజాతి ప్రజలు తెల్లవాళ్ళ దుకాణాలను బహిష్కరించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఇంచుమించు ఇలాంటి గీతే గీసింది. శాంతియుతంగా కొనుగోళ్ళు మానేయడం రాజ్యాంగం కాపాడే హక్కు అంది. బెదిరింపుకూ హింసకూ ఆ రక్షణ లేదంది.

గడి పోయింది, కమిటీ వచ్చింది

1980ల నాటికి చాలామంది దొరలు పట్నం చేరారు. గడులు పాడుబడ్డాయి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళతో కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల వరి, పసుపు, చెరకు, మక్క సాగు పెరిగింది. భూమి, డబ్బు దొర కుటుంబాల నుంచి వ్యవసాయ కులాల చేతుల్లోకి జరిగాయి. ఊరి పెత్తనం ఖాళీ అయిన చోట గ్రామాభివృద్ధి కమిటీలు నిలబడ్డాయి. జనం నోట అవి ‘వీడీసీ’లు, ‘ఊరి కమిటీ’లు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో వీటి బలం ఎక్కువ.

వీటిని ఒక్క మాటతో కొట్టిపారేయడం సరికాదు. ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ లాంటి ఊళ్ళో కమిటీ వ్యవసాయానికీ మార్కెట్‌కూ చేసిన మేలు అందరికీ తెలిసిందే. చాలా ఊళ్ళలో బడి గదులు, గుళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, కాలువ మరమ్మతులు కమిటీ డబ్బుతోనే అయ్యాయి. సర్కారు నిధుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే పల్లెకు సొంతంగా పని చేసుకోగలగడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. బెల్టుషాపు వేలం, ఇసుక వేలం, చెరువు వేలం, చివరికి కోడి కూర అమ్మే హక్కు వేలం కూడా వార్తలకెక్కాయి. వీటిలో వేటినీ వేలం వేసే అధికారం కమిటీకి ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎన్నికైన గ్రామ పంచాయతీ ఒక వైపు ఉంటుంది, ఓటు లేకుండా కూర్చున్న కమిటీ మరో వైపు ఉంటుంది. కమిటీలో కులానికి ఇంతమంది అన్న లెక్క ఉన్నా, మాట చెల్లేది భూమీ సంఖ్యా ఉన్న కులాలదే.

కమిటీ మాట కాదన్నవాళ్ళకు పడే శిక్షే వెలి. కల్లు ధర దగ్గర గౌడ కులంతో, చేపల దగ్గర ముదిరాజులతో, గుడి దగ్గరో డప్పు దగ్గరో భూమి దగ్గరో దళితులతో తగాదా వస్తుంది. కారణం మారుతుంది, శిక్ష తీరు మారదు. ఫలానా వాళ్ళకు కిరాణం అమ్మొద్దు, ట్రాక్టర్ పంపొద్దు, కోత మిషన్ తోలొద్దు, పనికి పిలవొద్దు, పెళ్ళికి పోవద్దు అని చాటింపు పడుతుంది. ఎవరైనా మాట్లాడితే వేల రూపాయల జుర్మానా.

మూడు ప్రశ్నలనూ ఇక్కడ పెట్టి చూడండి. కిరాణం కొట్టు కమిటీది కాదు, కోత మిషన్ కమిటీది కాదు. ఇతరుల వ్యాపారాన్ని, ఇతరుల స్నేహాన్ని కమిటీ ఆపుతోంది. చేరనన్న వాళ్ళకు జుర్మానా ఉంది. దెబ్బ నేరుగా బతుకు మీద పడుతోంది. 1978లో దొర దండుగలు ఎందుకు అన్యాయమో, నేడు కమిటీ జుర్మానా కూడా అందుకే అన్యాయం. తీర్పరిదీ వసూలుదారుదీ ఒకే చేయి.

చట్టంలోకి వెలి ఎలా వచ్చింది

వెలిని నేరంగా చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1927లో మహాడ్ చెరువు నీళ్ళ కోసం జరిగిన సత్యాగ్రహం తర్వాత దళితులకు ఎదురైన ప్రతీకారాన్ని అంబేడ్కర్ దగ్గర నుంచి చూశారు. దౌర్జన్యం కన్నా బహిష్కరణే పెద్ద ఆయుధమని, పైకి చట్టబద్ధంగా కనిపిస్తూ అది ఊరినే జైలు చేస్తుందని ఆయన పట్టుకున్నారు. 1930లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయనా రావు బహదూర్ ఆర్. శ్రీనివాసన్ కలిసి ఇచ్చిన వినతిపత్రంలో బహిష్కరణను నేరంగా నిర్వచించే నిబంధనలు చేర్చారు. వాటికి నమూనాగా 1922 నాటి బర్మా బహిష్కరణ వ్యతిరేక చట్టాన్ని తీసుకున్నారు.

రాజ్యాంగం 17వ అధికరణతో అంటరానితనం రద్దయింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. హోటళ్ళ లాంటి చోట్లు అందరివీ అని అమెరికా కాంగ్రెస్ 1964 పౌర హక్కుల చట్టంలో చెప్పడానికి తొమ్మిదేళ్ళ ముందే మన చట్టం ఆ మాట చెప్పింది. 1976లో ఆ చట్టానికి పదును పెట్టి పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. అయినా 1985లో కారంచేడులో, 1987లో నీరుకొండలో దళితుల మీద దాడులు జరిగాయి. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది.

ఆ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలవుతోంది. ఈ వ్యాసానికి ఆయువుపట్టు ఇదే. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ అన్న మాటలను అది విడివిడిగా నిర్వచించింది. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని గానీ కుటుంబాన్ని గానీ సమూహాన్ని గానీ వెలివేసినా, వేస్తామని బెదిరించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. అరవై రోజుల్లో అభియోగపత్రం వేయాలి. బాధితులకు లక్ష రూపాయల పరిహారంతో పాటు ఆగిన సేవలన్నీ ప్రభుత్వమే మళ్ళీ అందేలా చేయాలని నియమాలు చెప్తున్నాయి. ఊరంతా కలిసి నేరం చేసిన చోట సామూహిక జరిమానా వేసే అధికారం కూడా రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. జిల్లా స్థాయి నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి.

కాగితం మీద ఇంతకన్నా స్పష్టంగా రాయడం కష్టం. ఆ కాగితం ఊరి దాకా చేరిందా అన్నది వేరే ప్రశ్న.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఎస్సీల మీద నేరాల కేసులు 2020లో 50,291, 2021లో 50,900, 2022లో 57,582. ఈ పెరుగుదల చూసి దాడులు పెరిగాయని తేల్చేయడం తొందరపాటు. నమోదైన కేసుల లెక్క ఇది. ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగినా అంకె పెరుగుతుంది, ఠాణాలో కేసు కట్టడం మెరుగుపడినా పెరుగుతుంది. అలాగని నేరాలు పెరగలేదని చెప్పడానికీ ఈ అంకెలు ఆధారం కావు.

శిక్షల రేటు సంగతి వేరు. అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్షలు పడిన కేసుల వాటా 2020లో 39.2 శాతం ఉండగా 2022 నాటికి 32.4 శాతానికి తగ్గిందని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్తోంది. అదే నివేదిక ప్రకారం పద్నాలుగు రాష్ట్రాల్లోని 498 జిల్లాల్లో 194 జిల్లాలకే ప్రత్యేక కోర్టులున్నాయి. కొట్టేసిన కేసులన్నీ అబద్ధాలని కొందరు అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ సాక్షులు వెనక్కి తగ్గుతారు, ఊళ్ళో రాజీ ఒత్తిడి పెరుగుతుంది, వెలి కేసులో సాక్షులే ఆ ఊళ్ళో కిరాణం కొనుక్కోవాల్సిన వాళ్ళు. విడుదల తీర్పు చెప్పేది నేరం రుజువు కాలేదని. నేరం జరగలేదని దానికి అర్థం కాదు.

వెలి విషయంలో లెక్కల లోపం ఇంకా లోతైనది. జాతీయ నేర గణాంకాల పట్టికల్లో సాంఘిక బహిష్కరణను, ఇంటి నుంచి ఊరి నుంచి వెళ్ళగొట్టడాన్ని కలిపి ఒకే గడిలో వేశారు. దాంతో వెలి ఒక్కటే ఎంతో ఎవరూ వేరుచేసి చూడలేరు. లెక్కలోకి రానిది సర్కారు కంటికి ఆనదు.

కేసు అయిన తర్వాత కూడా దారి ఎంత పొడవో అప్పటి గుంటూరు జిల్లా చుండూరు చూపించింది. అక్కడ దళితుల మీద ఆర్థిక, సాంఘిక బహిష్కరణ నడిచిన కొద్ది వారాలకే 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదం దళితుల వెలిదాకా వెళ్ళింది. వెలి ఒక చోట హత్యలకు ముందు నడిచింది, మరో చోట విగ్రహానికి జవాబుగా వచ్చింది. రెండు చోట్లా వెలిని ‘ఊళ్ళో చిన్న మనస్పర్ధ’ అని పక్కన పెట్టడం ఎంత ప్రమాదమో కనిపిస్తుంది.

ఠాణా మీద నమ్మకం కూడా ఆధారాల్లో భాగమే. 2017 జూలైలో రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి మండలంలోని నేరెళ్ళ దగ్గర ఇసుక లారీ కింద పడి ఒకరు చనిపోయారు, కోపంతో జనం లారీలు తగలబెట్టారు. అరెస్టయిన దళిత, బీసీ యువకులను కస్టడీలో చిత్రహింసలు పెట్టారని వాళ్ళ కుటుంబాలు ఆరోపించాయి. ఒక ఎస్సైని సస్పెండ్ చేశారు, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ఆరోపణల నిజానిజాలు తేల్చాల్సింది కోర్టులే. కానీ అలాంటి వార్త విన్న పక్క ఊరి మనిషి, తనను వెలివేసినప్పుడు ఠాణా మెట్లెక్కడానికి ఎంత ఆలోచిస్తాడో ఊహించడం కష్టం కాదు.

గొడుగు కింద చోటు లేనివాళ్ళు

2015 సవరణ ఎస్సీ, ఎస్టీలకు రక్షణ. అది అలాగే ఉండాలి. అంటరానితనం చేసిన గాయానికి ప్రత్యేక చట్టం కావాలి. కానీ ఊరి కమిటీల వెలి గౌడ, ముదిరాజు, చాకలి, మంగలి కుటుంబాల మీదా పడుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించిన కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం. ఆ సగం పైచిలుకు జనంలో ఎవరిని వెలివేసినా పోలీసులు బెదిరింపు, బలవంతపు వసూలు లాంటి మామూలు సెక్షన్లలో వెతుక్కోవాలి. ‘మాట్లాడకపోవడం’ ఆ సెక్షన్లలో ఇమడదు.

మహారాష్ట్ర ఈ లోటును గుర్తించింది. కుల పంచాయితీల ఆగడాల మీద నరేంద్ర దభోల్కర్ స్థాపించిన మూఢనమ్మకాల నిర్మూలన సమితి ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది. 2016లో అక్కడి శాసనసభ సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టాన్ని ఆమోదించింది, 2017లో అది అమల్లోకి వచ్చింది. ఏ కులమైనా, ఏ మతమైనా వర్తిస్తుంది. మూడేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

తెలంగాణకూ అలాంటి చట్టం కావాలన్నది నా అభిప్రాయం. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది మతసంస్థల అంతర్గత వ్యవహారాల గురించి. 1949 నాటి బొంబాయి వెలి నిషేధ చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో మత స్వేచ్ఛ పేరుతో కొట్టేసింది. ఆ తీర్పును మళ్ళీ చూడాలని 2023లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెద్ద ధర్మాసనానికి పంపింది. రెండోది కూలీల సమ్మె హక్కు గురించి. ‘పనికి రాకపోవడం’ కూడా బహిష్కరణే అని చట్టం రాస్తే, రేపు ఎక్కువ కూలి అడిగి నాట్లు మానేసిన దళిత ఆడవాళ్ళ మీదే ఆ చట్టాన్ని ఎత్తుతారు. తన శ్రమ తాను ఆపుకోవడం వేరు, ఎదుటివాడి బతుకు ఆపడం వేరు అన్న తేడా చట్టం భాషలోనే ఉండాలి.

ఆధారపడటం తగ్గినచోట

వెలి దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందనేది, ఆ కుటుంబం ఊరి మీద ఎంత ఆధారపడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ విషయంలో కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్లలకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి ఆడవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుడతారు. మగవాళ్ళు దుబాయ్, మస్కట్, సౌదీలకు పోతారు. బీడీ కంపెనీ కూలికీ, గల్ఫ్ నుంచి వచ్చే పైసకూ ఊరి పెద్ద అనుమతి అక్కర్లేదు. 1978లో గడి పొలంలో తప్ప పని దొరకని తరానికీ ఈ తరానికీ మధ్య ఉన్న పెద్ద తేడా ఇదే అనిపిస్తుంది.

దీన్ని మరీ ఎక్కువ చేసి చెప్పకూడదు. బీడీ కూలి చాలీచాలనిది, ఆకు తుంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. గల్ఫ్ అప్పు మీద వడ్డీ ఏళ్ళు నడుస్తుంది. ఎకరమో అరెకరమో ఉన్న కుటుంబానికి కోత మిషన్ రాకపోతే గింజ రాలిపోతుంది. మాట్లాడే మనిషి లేకపోవడం అనే గాయాన్ని ఏ మనీ ఆర్డరూ మాన్పదు. అయినా కూలి మార్కెట్ ఊరి బయట ఉన్న చోట వెలివేసే చేతికి పట్టు సడలుతుందన్నది సహేతుకమైన ఊహ. దళిత కుటుంబాలకు భూమి, ఉపాధి హామీ పని, ఊరుమ్మడి యంత్రాల మీద హక్కు ఇవ్వడాన్ని సంక్షేమ పద్దులో మాత్రమే చూడకూడదు. పౌర హక్కుల రక్షణ పద్దులో కూడా అవి ఉండాలి.

30వ తేదీన ఏం అడగాలి

ఈ పరిశీలన నుంచి తేలే సూచనలు ఇవి. పౌర హక్కుల దినం నాడు వెలి గురించి ప్రత్యేకంగా అడగాలి. అందరి ముందు కాకుండా, కమిటీ పెద్దలు లేని చోట, ఆడవాళ్ళను వేరుగా అడగాలి. జవాబును రిజిస్టర్‌లో రాయాలి. జిల్లా నిఘా కమిటీ ఆ రిజిస్టర్లు తెప్పించుకుని మూడు నెలలకోసారి ఊళ్ళవారీగా బయటపెట్టాలి. నేర గణాంకాల్లో బహిష్కరణకు వేరే గడి ఉండాలి. గ్రామాభివృద్ధి కమిటీలు వసూలు చేసే ప్రతి రూపాయి లెక్క గ్రామసభ ముందుకు రావాలి. చట్టం ఇవ్వని అధికారంతో చేసిన వేలాలు ఆగాలి. వెలి రుజువైన చోట ప్రభుత్వం సామూహిక జరిమానా అధికారాన్ని వాడాలి.

వీటిలో ఒక్కటీ కొత్త కోరిక కాదు. చాలావరకు చట్టంలో, నియమాల్లో ఉన్నవే. రావలసింది చట్టం కాగితానికీ పల్లె అరుగుకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే పట్టుదల.

1978లో ఈ పల్లెల పేదలు దొర దగ్గరికి పోయి, మా దండుగలు మాకు తిరిగి ఇయ్యమన్నారు. శిక్షించే అధికారం గడిది కాదని వాళ్ళు ఆ రోజే తేల్చారు. ఆ ఊళ్ళలోనే, పక్కింటి మనిషితో మాట్లాడినందుకు ఒక ఆడమనిషి నేడు కమిటీకి జుర్మానా కడితే, ఆ నాటి తీర్పు ఇంకా అమలు కానట్టే. ఆమె కట్టిన పైసలు ఆమెకు తిరిగి ఇప్పించడంతో పౌర హక్కుల దినం మొదలుకావాలి.